అరుగు మీద జంపఖానా

ఆ ఏడు చలికాలం మా ఇంట్లోకి మంచుకన్నా ముందు టేపు చప్పుడు వచ్చింది.

మాది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో నేను, రెండోదాంట్లో మా బావమరిది ఔలిస్. మధ్యలో ఉన్నది చెక్కగోడ. అతను దగ్గితే నాకు వినిపిస్తుంది, నేను రేడియో పెడితే అతనికి వార్తలు తెలుస్తాయి. ఆ గోడకు ఇటూ అటూ రెండూ తన ఇళ్ళే అన్నట్టు తిరిగిన మనిషి ఐలా. నాకు భార్య, అతనికి అక్క. ఆ వేసవిలోనే, అడవిలో నీలిపళ్ళు ఏరుకునే రోజుల్లో పోయింది. నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం నేను కాఫీ పెట్టుకుంటుంటే గోడ అవతల బర్రుమంది. ఆగింది. మళ్ళీ బర్రుమంది. అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడని అర్థమయ్యేసరికి కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.

వెళ్ళి అడగలేదు. మా వైపు మనిషి తనంతట తాను చెప్పేదాకా ఆగుతారు.

అతను చెప్పింది స్మశానంలో. పోయినవాళ్ళకు దీపాలు పెట్టే శనివారం అది. చీకటి పడుతుండగా ఊరంతా వచ్చి దీపాలు వెలిగించి, పక్క సమాధి వాళ్ళకు తల ఊపి వెళ్ళిపోతున్నారు. ఐలా దీపానికి గాలి తగలకుండా ఔలిస్ తన టోపీ అడ్డుపెట్టాడు.

"రీకా ఇల్లు చూసింది బావా. టాంపెరేలో, వాళ్ళ వీధిలోనే. మెట్లు ఎక్కక్కర్లేదుట."

"మంచిదేగా."

"లిఫ్టు కూడా ఉందిట."

"మెట్లెక్కక్కర్లేని ఇంటికి లిఫ్టు దేనికి?"

"నేనూ అదే అడిగా. పైవాళ్ళకిట." టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "ఫిబ్రవరి సెలవుల్లో వ్యాను తెస్తానంది. అప్పటిదాకా శనివారాలు ఆడుకుంటా."

ఉండిపోరా అనాలనిపించింది. కన్న కూతురు రమ్మంటుంటే వద్దనడానికి నేనెవరిని? అక్క మొగుణ్ణి. ఆ అక్కే లేదు.

అతను ఆడుకుంటానన్నది డిస్కుల ఆట. బడి వెనక అడవిలో తొమ్మిది గొలుసుల బుట్టలు పాతి ఉన్నాయి. ప్రతి బుట్టకూ దూరంగా ఒక అరుగు. అరుగు మీద నిలబడి డిస్కు విసరాలి, అది పడ్డచోటు నుంచి మళ్ళీ విసరాలి, తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడిదే గెలుపు. ఐలా, ఔలిస్ ఎన్నో ఏళ్ళుగా శనివారం శనివారం ఆడేవాళ్ళు. మంచులో కూడా ఆడేవాళ్ళు, అసలు మంచులోనే ఎక్కువ పట్టుదలగా ఆడేవాళ్ళు. డిస్కు అడుగున బారెడు రిబ్బను అతికిస్తారు. డిస్కు మంచులో మునిగినా రిబ్బను తోక పైన ఉంటుంది. అయినా చలికాలం ఆట సగం విసరడం, సగం తవ్వడం. నేను ఆడింది లేదు. బళ్ళో భూగోళం చెప్పినవాణ్ణి, మంచు గురించి చదవడమే నాకు ఇష్టం.

అరుగుల మీద మంచు తియ్యడం ఐలా పని. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. ఆమె పార మా వరండా గోడకు వేలాడుతూనే ఉంది.

మొదటి పెద్ద మంచు పడ్డ శనివారం పొద్దున్న, అప్పుడప్పుడే నీలంగా వెలుగు వస్తుంటే, ఔలిస్ సంచీ భుజాన వేసుకుని అడవి వైపు వెళ్ళడం కిటికీలోంచి చూశాను. వసంతంలో అతనికి తుంటికీలు మార్చారు. "ఇంకేమన్నా చెయ్యి నాయనా, జారి మాత్రం పడకు," అని డాక్టరమ్మ చెప్పి పంపింది. అతను నడుస్తున్న తీరు చూశాను. గోడ మీది పార చూశాను. బూట్లు వేసుకుని పార తీసుకుని వెనకే వెళ్ళాను.

అప్పటికే అతను మొదటి అరుగు మీద నిలబడి విసిరేశాడు. నేను వెళ్ళి అతని కాలిగుర్తుల మీద పార వేశాను. పార టక్కుమని ఆగింది. మెత్తటి మంచు లేచింది గానీ అడుగు పడ్డచోట మాత్రం గట్టిగా గడ్డకట్టి పలకలా అంటుకుంది.

"అక్క ఏమనేది?" అన్నాడు ఔలిస్.

"నాతో చాలా అనేది."

"అడుగు పడకముందే పార పడాలి. తొక్కిన మంచు ఏప్రిల్ దాకా కదలదు." పార నా చేతిలోంచి తీసుకుని పడుకోబెట్టి నెట్టి చూపించాడు. "అలా పొడవకు. అరుగుకు అతికించిన పచ్చ పరుపు చిరుగుతుంది. అక్క అందుకే ఇనప పార తేనిచ్చేది కాదు."

"నేను భూగోళం మాస్టార్ని. నాకు మంచు సంగతి తెలీదనుకుంటున్నావా?"

"నీకు గ్రీన్‌లాండ్ మంచు తెలుసు. మన కివిసాల్మి మంచు తెలీదు."

ఆ మర్నాటి నుంచి మంచు పడ్డ ప్రతి పొద్దునా నేను ముందు వెళ్ళేవాణ్ణి. తొమ్మిది అరుగులు. పారతో నెట్టి, చీపురుతో ఊడ్చి, అంచుల్లో చారెడు ఇసక చల్లేవాణ్ణి. నడుము పట్టేసేది. కానీ అడవి పొద్దున్నే మనిషికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపిస్తుంది. ఒకరోజు ఎవరో పారేసుకున్న చేతితొడుగు ఇంకెవరో బుట్ట గొలుసుకు తగిలించి ఉంచారు, దొరకాలని. ఇంకోరోజు ఆరో అరుగు నేను వెళ్ళేసరికే ఊడ్చి ఉంది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే బాగుంది.

ఏడో అరుగు పక్కనుంచి స్కీ బాట పోతుంది. దాన్ని చూసుకునేవాడు ఓస్మో, మంచు మీద నడిచే బండికి దువ్వెనలాంటి పలక కట్టుకుని రోజూ గీతలు తీస్తాడు. మా దగ్గర స్కీ బాట మీద బూటుకాలు పెట్టడమంటే ఎవరి పూజగదిలోకో చెప్పులతో వెళ్ళడమే. ఓస్మో, ఐలా ఎప్పుడో ఒక ఒప్పందం చేసుకున్నారు. వీళ్ళు ఆ బాట తొక్కరు, అతను మంచు తెచ్చి ఈ అరుగు మీద పొయ్యడు.

డిసెంబరులో ఒక శనివారం ఔలిస్ బలవంతం మీద నేనూ ఒక డిస్కు విసిరాను. అది చెట్లన్నిటినీ పలకరించి, వంకర తిరిగి, సరిగ్గా స్కీ బాట అవతల పడింది. నేను బాట అంచున నిలబడి దాటాలా, తిరిగి వెళ్ళాలా అని చూస్తుంటే ఓస్మో బండి వచ్చి ఆగింది.

"ఏం మాస్టారూ, మీరు కూడానా? ఈ వయసులో పళ్ళాలు విసరడం మొదలెట్టారా?"

"ఇదివరకు విసిరితే ఐలా ఊరుకునేదా?"

ఓస్మో పగలబడి నవ్వి, టోపీ ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె పేరు కోసం తీశాడని నాకు తెలుసు. బండి దిగి డిస్కు తెచ్చి అందించాడు. "మా కుక్క నయం. విసిరింది అదే తెచ్చుకుంటుంది," అంటూ బండెక్కాడు. అరుగు దగ్గరకు రాగానే పలక పైకెత్తి, దాటాక మళ్ళీ దించాడు. ఒప్పందం చేసుకున్న మనిషి పోయినా ఒప్పందం అలాగే ఉంది.

ఇక నాలుగో అరుగు. దాన్ని బండ కింది అరుగు అంటారు. వెనక పెద్ద రాతిబండ, దాని పగుల్లోంచి చలికాలమంతా నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. ఊరిన నీళ్ళు అరుగు మీదికి పాకి గడ్డకడతాయి. ఎంత తీసినా మర్నాటికి అద్దమే. జనవరిలో అక్కడ ఔలిస్ జారాడు. పడలేదు. పక్కనున్న పైన్ చెట్టును రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఏం కాలేదు," అన్నాడు. ముఖం మంచుకన్నా తెల్లగా ఉంది. చెట్టును వెంటనే వదల్లేదు.

నేను ఇంటికి వెళ్ళి మా వసారాలో పరిచి ఉన్న జంపఖానా చుట్టి భుజాన పెట్టుకుని వచ్చాను. పాతగుడ్డల పీలికలతో ఐలా నేసింది, అడ్డచారలది.

"బావా! అక్క నేసింది అది!"

"నేల మీద పరవడానికే నేసింది."

అరుగు మీద పరిచాను. ఔలిస్ దాని చుట్టూ తిరిగాడు గానీ వెంటనే ఎక్కలేదు. తర్వాత ఒక చార మీద బూటు ఆనించి, "ఈ ఎరుపు నా చొక్కా," అన్నాడు. "రైల్వేలో ఉన్నప్పటిది. ఈ నీలం మా అమ్మ వంటగుడ్డ. ఈ బూడిదరంగు..."

"నా పంట్లాం. బడికి వేసుకెళ్ళేది."

"అందుకే దీని మీద నిలబడితే క్లాసులో నిలబెట్టినట్టుంది." ఎక్కాడు, విసిరాడు. మడమ తిరిగింది గానీ జారలేదు. దూరంగా గొలుసులు ఘల్లుమన్నాయి. గడ్డకట్టే చలిలో ఆ చప్పుడు గాజుల చప్పుడంత సన్నగా వస్తుంది.

ఆనాటి నుంచి పద్ధతి అది. శనివారం పొద్దున్న జంపఖానా తీసుకెళ్ళి పరవడం, ఆట అయ్యాక దులిపి ఇంటికి తెచ్చి ఆరెయ్యడం. అక్కడే వదిలేస్తే బండ నీళ్ళు ఎక్కి అరుగుకు అతుక్కుపోతుందని ఇద్దరికీ తెలుసు.

జనవరి ఆఖరున చలి హఠాత్తుగా విరిగింది. వాన పడింది. కప్పు మీంచి మంచు ధబధబా జారింది. ఆ శనివారం మేం తడుస్తూనే ఆడాం. జంపఖానా నీళ్ళు పీల్చి బరువెక్కింది. ఆట అయ్యాక ఔలిస్ అన్నాడు: "నువ్వెళ్ళి సౌనా వెలిగించు బావా. జంపఖానా నేను తెస్తా."

పెరట్లో రెండు వాటాలకూ కలిపి ఒకటే సౌనా, ఆవిరి స్నానపు గది. నేను కట్టెలు పేర్చి, రాళ్ళు కాగేదాకా కూర్చున్నాను. అతను వచ్చాడు, బట్టలు విప్పి పైబల్ల ఎక్కాడు, రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు. ఆవిరి చెవులు కాల్చి తగ్గాక అడిగాను.

"జంపఖానా ఏది?"

"అరె." రాళ్ళ వైపే చూస్తున్నాడు. "మర్చిపోయా."

"వెళ్ళి తెస్తాను."

"ఒళ్ళు కాగాక బయటికెక్కడికి పోతావ్? రేపు తెచ్చుకుందాం. కూర్చో."

కూర్చున్నాను. ఇంకోసారి నీళ్ళు చల్లాడు.

తెల్లారేసరికి సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి పడిపోయింది. ఇద్దరం వెళ్ళి చూశాం. జంపఖానా అరుగులో భాగమైపోయింది. బండ నీళ్ళు దాని పోగుపోగులోకీ దిగి రాయిలా బిగిశాయి. చారలు మాత్రం పైకి తేలి కనిపిస్తున్నాయి, అద్దం కింద పెట్టిన ఫోటోలా. నేను ఒక మూల పట్టుకుని లాగాను. ఒక్క పోగు తెగిన చప్పుడైంది.

"లాగకు!" అన్నాడు ఔలిస్. ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత మామూలుగా, నాతో కాకుండా దూరంగా ఉన్న బుట్టతో అంటున్నట్టు అన్నాడు: "ఇది లేచేదాకా నేనెలా వెళ్తాను? అక్క చేత్తో నేసింది. వదిలేసి పోతే బాగుండదు."

ఔలిస్ ఉద్యోగమంతా రైలు పట్టాల మీద, పట్టా మార్చే పనిలో. మర్చిపోతే ఏమవుతుందో తెలిసినవాడు. పొయ్యి ఆర్పాడో లేదో చూడ్డానికి వీధి చివరినుంచి వెనక్కి వచ్చేవాడు. నేను చీపురు తీసి చారల మీద మంచుపొడి ఊడ్చాను, కాస్త ఇసక చల్లాను.

చిత్రమేమిటంటే మొత్తం తొమ్మిదిట్లో అదే మంచి అరుగైంది. కాలు పెడితే కదిలేది కాదు. వృత్తి బడి కుర్రాళ్ళు, నర్సులు, శనివారం వచ్చేవాళ్ళంతా, "బండ కింద తివాచీ పరిచారు, రాజుల్లా ఆడొచ్చు," అని చెప్పుకున్నారు.

ఫిబ్రవరి సెలవుల్లో రీకా వ్యాను వేసుకుని వచ్చింది. తండ్రిలాగే పొడుగు, మా ఐలాలాగా నడక. ఏలకుల బన్నులు తెచ్చింది. అవి తిని, కాఫీ తాగి, పెట్టెలు ఎక్కిద్దామని లేచింది. అప్పుడు చెప్పాడు ఔలిస్.

"జంపఖానా కోసమా నాన్నా? ఒక్క జంపఖానా కోసమా?"

"మీ అత్త నేసింది."

"మామయ్య తీసి పంపిస్తాడు. ఏం మామయ్యా?"

"ఏప్రిల్లో," అన్నాను.

"కెటిల్లో నీళ్ళు కాచి పోస్తే ఇవాళే వస్తుంది. మీ ఇద్దరికీ కెటిల్ సంగతి తెలీదా?"

"పొయ్యమ్మా," అన్నాడు ఔలిస్. "ఎవరొద్దన్నారు?"

ముగ్గురం వెళ్ళాం, రెండు ఫ్లాస్కులు, ఒక కెటిల్. రీకా కోటు చేతులు పైకి మడిచి మరిగే నీళ్ళు పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఒక అంచు బెత్తెడు మేర ఊడి పైకి వచ్చింది. ఔలిస్ ఊపిరి బిగబట్టడం పక్కనున్న నాకు తెలిసింది. రీకా రెండో ఫ్లాస్కు మూత తిప్పేలోగా మొదట పోసిన నీళ్ళు గడ్డకట్టాయి. రెండోది పోసింది. అదీ అంతే. కాసేపటికి జంపఖానా మీద నున్నటి కొత్త పొర నిగనిగలాడింది.

"ఇప్పుడు అద్దం కూడా బిగించావు," అన్నాడు ఔలిస్.

"నవ్వకు నాన్నా. నాకు ఏడుపొస్తోంది."

"నవ్వట్లేదమ్మా."

నేను గీకి, ఇసక చల్లాను. ఔలిస్ ఆ ఇసక మీద నిలబడి, కూతురు చూస్తుండగా ఒక డిస్కు విసిరాడు. ఆమె డిస్కును చూడలేదు. తండ్రి మడమ చూసింది. అది తిరిగింది, నిలిచింది. ఎర్ర రిబ్బను ఊపుకుంటూ డిస్కు చెట్ల మధ్యలోంచి వెళ్ళి గొలుసుల్లో పడింది. ఔలిస్ మామూలుగా అలా ఒక్క విసురులో వెయ్యడు. "రోజూ ఇంతే," అన్నాడు.

ఇంటికొచ్చాక రీకా మా వంటింట్లో కూర్చుంది. గోడ అవతల ఔలిస్ బూట్లు దులుపుకుంటున్నాడు.

"మామయ్యా, నిజం చెప్పు. నాన్న పడిపోతే?"

"పడితే గోడకివతల నేనుంటా."

"నువ్వు పడితే?"

"అవతల వాడుంటాడు."

"ఇద్దరూ పడితే?"

"ఓస్మో వచ్చి ముందు నవ్వుతాడు, తర్వాత లేపుతాడు."

నవ్వింది. నవ్వుతూనే చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. "నాకు రాత్రుళ్ళు ఫోన్ మోగితే గుండె ఆగిపోతుంది మామయ్యా. నువ్వు వెళ్ళొద్దని నాన్నకి చెప్పావా?"

"లేదమ్మా."

"వెళ్ళమని?"

"అదీ లేదు."

"మరి మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు?"

ఆలోచించాను. "మంచు గురించి," అన్నాను.

టాంపెరే ఇల్లు జూన్‌లో నడివేసవి పండగ దాకా ఖాళీగా ఉంచమని అడుగుతానంది. వచ్చిన వ్యాను వచ్చినట్టే వెళ్ళింది. వెళ్ళేముందు తండ్రితో, "జంపఖానా లేచిన రోజు ఫోన్ చెయ్యి, దాచకు," అంది. "లేచాక దాచేదేముంది," అన్నాడు ఔలిస్.

మార్చిలో ఎండ తిరిగింది. మధ్యాహ్నాలు చూరునుంచి చుక్కలు పడేవి. ఏప్రిల్ వచ్చేసరికి ఎనిమిది అరుగులు ఎండి పచ్చగా బయటపడ్డాయి. బండ కిందికి మాత్రం ఎండ ఆలస్యంగా వస్తుంది. అయినా రోజుకో పోగు వదులవుతోంది. ఔలిస్ చూడ్డానికి వెళ్ళేవాడు కాదు. ఆట ఆడేటప్పుడు కూడా అరుగు ఎక్కి, ఎదురుగా చూసి, విసిరి దిగిపోయేవాడు. నేను మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. ఇక తియ్యడానికి మంచేమీ లేదు. అయినా పార పట్టుకునే వెళ్ళేవాణ్ణి.

ఒక పొద్దున్న చూస్తే జంపఖానా మూడొంతులు ఊడి ఉంది. నడిమి చారలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి. బండ నీడలో ఇంకా మురికి మంచు కుప్ప ఒకటి మిగిలి ఉంది. నేను చుట్టూ చూశాను. పారతో ఆ కుప్పలోంచి కాస్త తీసి జంపఖానా మీద వేశాను. ఇంకాస్త వేశాను. మెల్లగా తట్టాను, చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు.

"మాస్టారూ!"

ఓస్మో. చేతిలో స్కీ బాట గుర్తుల కర్రలు, చలికాలం అయిపోయిందని పీకి తీసుకెళ్తున్నాడు.

"చలికాలమంతా తీశారు. ఇప్పుడు వేస్తున్నారే!"

ఓస్మో జంపఖానా చూశాడు, నన్ను చూశాడు, బండ చూశాడు. ఔలిస్ పెట్టెల సంగతి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కర్రల మోపు దించి, నా చేతిలోంచి పార తీసుకుని, కుప్ప అడుగున ఉన్న గట్టి మంచు పెళ్ళగించి రెండు పారలు తెచ్చి వేశాడు.

"అడుగునున్నది వెయ్యాలి," అన్నాడు. "పైది ఊరికే కరిగిపోద్ది." మోపు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఎంత వేసినా మే నెల మే నెలే. వసంతం పండగ మర్నాడు మేం వెళ్ళేసరికి జంపఖానా అరుగు మీద వట్టినే పడి ఉంది, తడిసిన కుక్కలా నీరసంగా. ఔలిస్ ఒక కొస పట్టుకున్నాడు, నేనొక కొస. లేచింది. మధ్యలో, మడమ తిరిగే చోట, పళ్ళెమంత చిల్లు. చిల్లులోంచి పచ్చటి అరుగు కనిపించింది.

"రీకాకు ఫోన్ చెయ్యాలి," అన్నాడు.

"చెయ్యి."

"చేస్తా." చెరో కొసా పట్టుకుని ఇంటికి తెచ్చాం.

నీళ్ళు కాస్త వేడెక్కాక, జూన్ మొదట్లో, చెరువు గట్టున ఊరివాళ్ళంతా జంపఖానాలు ఉతికే రేవుకు తీసుకెళ్ళాం. పైన్ సబ్బు రాసి, గట్టి బ్రష్షులతో ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాం. కొత్త కీలుతో అతనికి ఒకపక్కగా కూర్చోవడమే వీలు. చలికాలమంతా చల్లిన ఇసక నురగతో కలిసి పోయింది. రైల్వే ఎరుపు బయటికొచ్చింది, వాళ్ళమ్మ నీలం బయటికొచ్చింది. పక్కన ఉతుకుతున్న ఒకావిడ చిల్లులోంచి వేలు పెట్టి చూసి, "ఇది ఇంక కాళ్ళకు కూడా పనికిరాదు," అంది.

"మా అక్కది," అన్నాడు ఔలిస్. ఆవిడ వేలు తీసేసి తన సబ్బు మా వైపు జరిపింది.

జంపఖానా పెరట్లో దండెం మీద రెండు రోజులు ఆరింది. మూడోరోజు మడిచి మా వసారాలో బల్ల మీద పెట్టాను. పరవలేదు. జూన్ పండగకు ఇంకా రెండు వారాలుంది. ఔలిస్ రీకాతో ఫోన్లో చాలాసేపు మాట్లాడడం గోడలోంచి వినిపించింది గానీ, మాటలు తెలియలేదు. తెలుసుకోవాలని చెవి పెట్టలేదు. రేడియో పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కాఫీ కలుపుకుంటున్నాను. గోడ అవతల బర్రుమంది.

ఆగింది. మళ్ళీ బర్రుమంది.

మిగిలిన సామాను కూడా సర్దేస్తున్నాడనుకున్నాను. కాఫీ రెండు కప్పుల్లో పోశాను, అలవాటు కొద్దీ. కిటికీ బయట పక్షిచెర్రీ పూలు రాలుతున్నాయి. మళ్ళీ ఒకసారి బర్రుమంది, ఈసారి పొడుగ్గా. వెళ్ళేవాడికి కాఫీ ఇచ్చి పంపాలి గదా అని కప్పులు పట్టుకుని లేచాను. తలుపు అతనే మోచేత్తో నెట్టుకుని వచ్చాడు. రెండు చేతుల నిండా బట్టలు. చొక్కాలు, ఒక పాత స్వెట్టరు, టాంపెరేలో వేసుకోడానికని రీకా కొనిచ్చిన కొత్త పంట్లాం.

"కత్తెరుందా బావా?"

"దేనికి?"

"అక్క మగ్గం అటక మీద ఊరికే పడుంది. పడుగు వెయ్యడం నాకొచ్చు, చిన్నప్పుడు అమ్మ నాచేత నాడెలకు పీలికలు చుట్టించేది. పీలికలు నువ్వు కత్తిరించు." బట్టలు బల్ల మీద, చిల్లుపడ్డ జంపఖానా పక్కన పడేశాడు. "టేపు వేసేటప్పుడు తేలిగ్గానే వేశాను. పీకేసరికి గోళ్ళు పోయాయి."

"రీకా?"

"కాసేపు ఏడ్చింది. తర్వాత, శనివారం ఆట అవగానే ఫోన్ చెయ్యమంది. చెయ్యకపోతే ఓస్మోకి చేస్తానంది." కాఫీ కప్పు తీసుకుని బట్టల వైపు చూశాడు. "కొత్త పంట్లాం కూడా కత్తిరించెయ్యి. నడుం దగ్గర బిగువు."

నేను లేచి లోపలికి వెళ్ళాను. కత్తెర ఐలా అలమరలో ఉంటుంది. తలుపు తీస్తే ఆమె పచ్చగళ్ళ చొక్కా, మంచు తియ్యడానికి కోటు కింద వేసుకునేది, కొక్కానికి ఉంది. కత్తెరతోబాటు దాన్నీ తెచ్చి కుప్ప మీద పెట్టాను. ఔలిస్ దాన్ని ఒకసారి నిమిరి, మడత సరిచేసి, అన్నిటికన్నా పైన ఉంచాడు.

"చాలా గుడ్డలైనాయి," అన్నాను. "ఒక్క జంపఖానాకు ఇన్నెందుకు?"

"రెండు నేద్దాం." కాఫీ ఊదుకుని తాగాడు. "ఒకటి పరవడానికి, ఒకటి మర్చిపోవడానికి."